స్పోర్ట్స్ టూరిజంతో ఒక ప్రాంతానికి నిజంగా మిగిలేది ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్కడైనా పెద్ద టోర్నమెంటో మారథానో జరగబోతోందంటే చాలు, "ఇన్ని కోట్ల వ్యాపారం జరుగుతుంది" అనే మాట ముందుగా వినిపిస్తుంది. ఆ అంకె ఎలా వచ్చింది, అందులో స్థానికుల చేతిలో ఎంత మిగులుతుంది అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. అలా అడగాలనుకునే కౌన్సిలర్లు, హోటల్ యజమానులు, క్లబ్బుల నిర్వాహకులు, పన్ను కట్టే మామూలు జనం కోసం ఈ పేజీ రాస్తున్నాం. ఆటలు వద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. వాటి వల్ల వచ్చే మేలు ఆ ప్రాంతానికే దక్కాలన్నది మా పట్టుదల.

స్పోర్ట్స్ టూరిజం కిందికి ఏమేం వస్తాయి?

ఆట కారణంగా సొంత ఊరు వదిలి ఇంకో చోటికి చేసే ప్రయాణాలన్నీ వస్తాయి. హెదర్ గిబ్సన్ అనే పరిశోధకురాలు వీటిని మూడు రకాలుగా విడదీశారు. స్వయంగా ఆడటానికి లేదా పరుగెత్తడానికి వెళ్లేవాళ్లు మొదటి రకం. చూడటానికి వెళ్లేవాళ్లు రెండో రకం. ఆటకు సంబంధించిన పాత జ్ఞాపకాల కోసం మ్యూజియంలకు, పేరున్న స్టేడియంలకు వెళ్లేవాళ్లు మూడో రకం. అమెరికాలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో 1939 నుంచి బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం ఉంది. దాన్ని చూడటానికి వచ్చే జనం ముందు ఆ ఊరి జనాభా లెక్కలోకే రాదు.

ప్రపంచం మొత్తం మీద పర్యాటకులు పెట్టే ఖర్చులో దాదాపు 10 శాతం ఆటలకు సంబంధించిందేనని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ చెబుతోంది.

ప్రాంతానికి డబ్బు ఏయే దారుల్లో వస్తుంది?

టికెట్ల డబ్బు అందరికీ ముందు గుర్తొస్తుంది గానీ, స్థానికంగా చూస్తే చాలాసార్లు అందులో దక్కేది తక్కువే. అసలు డబ్బు రూములు, భోజనాలు, రవాణా, చిల్లర కొనుగోళ్ల రూపంలో వస్తుంది.

పన్నెండేళ్ల పిల్లల ఫుట్‌బాల్ టోర్నమెంటును తీసుకోండి. ఒక పిల్లవాడు ఆడటానికి వస్తే అమ్మానాన్నలు వస్తారు, చెల్లెలు వస్తుంది, ఒక్కోసారి తాతయ్య కూడా వస్తాడు. పొద్దున ఎనిమిదికి ఒక మ్యాచ్, సాయంత్రం నాలుగుకు ఇంకో మ్యాచ్. ఈ రెండింటి మధ్య గంటల కొద్దీ సమయం ఉంటుంది. ఆ కుటుంబం ఆ సమయంలో మైదానం దగ్గరే ఎండలో కూర్చుంటే ఊరికి వచ్చేది ఏమీ లేదు. దగ్గర్లో తినడానికి, చూడటానికి, కాసేపు నీడన కూర్చోవడానికి చోటుంటే ఖర్చు పెడతారు. తెగిపోయిన షూ లేసు దగ్గర్నుంచి మందుల షాపులో క్రేప్ బ్యాండేజీ దాకా అన్నీ అక్కడే కొంటారు. ఓడిన జట్టు మొదటి రోజే ఇంటిదారి పట్టకుండా, ప్రతి జట్టుకూ కనీసం మూడు మ్యాచ్‌లు ఉండేలా డ్రా (ఎవరు ఎవరితో ఆడాలన్న పట్టిక) వేస్తే ఆ కుటుంబాలు ఇంకో రాత్రి ఉంటాయి. హోటళ్లకు ఎంత ఆదాయం వస్తుందో ఒక రకంగా ఆ డ్రా వేసే మనిషి చేతిలోనే ఉంది.

స్థానిక ప్రేక్షకుల ఖర్చును ఎందుకు కలపకూడదు?

వాళ్లు ఆ డబ్బును ఆ ప్రాంతంలోనే ఇంకో చోట ఖర్చు పెట్టేవాళ్లు కాబట్టి. మ్యాచ్‌కు వెళ్లిన కుటుంబం ఆ వారం సినిమాకు వెళ్లదు, బయట భోజనానికి వెళ్లదు. సినిమా హాలుకు తగ్గింది స్టేడియానికి చేరింది, అంతే. ప్రాంతం మొత్తంగా చూస్తే కొత్తగా వచ్చింది లేదు.

టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ క్రాంప్టన్ ఈ విషయాన్ని చాలా ఏళ్లు పట్టు వదలకుండా చెప్పారు. స్థానికులతో పాటు ఇంకో రెండు వర్గాలను కూడా తీసేయాలంటారు ఆయన. ఎలాగూ రావాలనుకుని, పోటీ కోసం తేదీ మాత్రం మార్చుకున్నవాళ్లు ఒకరు. వేరే పని మీద వచ్చి, ఖాళీ దొరికి మ్యాచ్‌కు వెళ్లినవాళ్లు ఇంకొకరు.

ఊహకు ఒక లెక్క చూద్దాం. ఒక పోటీకి 10,000 మంది వచ్చారు. వాళ్లలో 7,000 మంది స్థానికులు. మిగిలిన 3,000 మందిలో 600 మంది తేదీ మార్చుకున్నవాళ్లు, 400 మంది వేరే పని మీద వచ్చినవాళ్లు. అంటే పోటీ వల్లే వచ్చినవాళ్లు 2,000 మంది. పత్రికల్లో మాత్రం 10,000 మంది ఖర్చు అచ్చవుతుంది. మోసం చేయాలన్న ఆలోచన ఎవరికీ లేకపోయినా లెక్క ఐదు రెట్లు ఉబ్బిపోతుంది.

అలాగని ఒక మినహాయింపు లేకపోలేదు. ఆ పోటీ లేకపోతే చూడటానికి వేరే ఊరు వెళ్లి ఖర్చు పెట్టే స్థానికులు కొందరుంటారు. వాళ్ల డబ్బు ఊళ్లోనే ఆగింది కాబట్టి దాన్ని కలుపుకోవచ్చు. అలాంటివాళ్లు ఎంతమందో అడిగి తెలుసుకోవాలి, ఊహించి రాయకూడదు.

రిపోర్టుల్లో కనిపించే "గుణకం" సంగతేంటి?

బయటి మనిషి హోటల్‌కు కట్టిన డబ్బులో కొంత అక్కడ పనిచేసేవాళ్ల జీతం అవుతుంది. ఆ జీతంతో వాళ్లు కిరాణా కొంటారు. కిరాణా కొట్టతను తన ఇంటికి మరమ్మతు చేయించుకుంటాడు. ఇలా ఒక రూపాయి ప్రాంతంలో ఎన్ని చేతులు మారిందో చెప్పేదే గుణకం. ఊరు చిన్నదైతే గుణకమూ చిన్నదే, ఎందుకంటే సరుకులన్నీ బయటి నుంచి తెప్పించుకోవాలి, డబ్బు త్వరగా బయటికి వెళ్లిపోతుంది. చిన్న పట్టణం గురించి రాసిన రిపోర్టులో దేశం మొత్తానికి సరిపోయే పెద్ద గుణకం వాడితే దాన్ని పక్కన పెట్టేయండి.

ఇంకో విషయం కూడా చూడాలి. మామూలు రోజుల్లో లెక్కగట్టిన గుణకాన్నే పోటీ రోజులకూ వాడుతుంటారు. ఆ రోజుల్లో రూము అద్దె రెండు మూడు రెట్లు అవుతుంది గానీ, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి జీతం పెరగదు. అదనంగా వచ్చింది ఎక్కడో ఉన్న యాజమాన్యం ఖాతాలోకి వెళ్తుంది.

వచ్చిన డబ్బు బయటికి ఎలా జారిపోతుంది?

హోటల్ బయటి కంపెనీది, క్యాటరింగ్ కాంట్రాక్టు రాజధానిలో ఉన్న సంస్థది, టీషర్టులు ఇంకో దేశంలో కుట్టినవి, టికెట్లు అమ్మే యాప్ మరెవరిదో. ప్రసార హక్కులు, స్పాన్సర్ల డబ్బు క్రీడా సమాఖ్యకు పోతాయి. పెద్ద పోటీల ఒప్పందాల్లో స్టేడియం చుట్టుపక్కల స్పాన్సర్ల సరుకు తప్ప వేరేది అమ్మకూడదన్న షరతు కూడా ఉంటుంది. అలాంటప్పుడు అక్కడ రోజూ అమ్ముకునే చిరువ్యాపారి సరిగ్గా జనం వచ్చిన రోజే బండి తీసేయాల్సి వస్తుంది. మాకు అన్నింటికన్నా బాధ కలిగించే విషయం ఇదే. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే స్థానిక వ్యాపారులకు ఎన్ని స్టాళ్లు, ఎక్కడ, ఎంత అద్దెకు ఇస్తారో రాయించుకోవాలి. సంతకం అయ్యాక అడిగితే వినేవాళ్లుండరు.

డబ్బు జారిపోకుండా ఆపిన ఉదాహరణలూ ఉన్నాయి. అమెరికాలో గ్రీన్ బే దాదాపు లక్ష జనాభా ఉన్న నగరం. అక్కడి ప్యాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 1923 నుంచి జనం చేతిలో ఉన్న లాభాపేక్ష లేని సంస్థ. లాభాలు పట్టుకుపోవడానికి గానీ, జట్టును ఇంకో నగరానికి తరలించడానికి గానీ ఒక్క యజమాని అంటూ లేడు.

పెద్ద పోటీలు వస్తే పర్యాటకులు పెరగడం ఖాయం కదా?

ఖాయమేమీ కాదు. పోటీ కోసం వచ్చేవాళ్లు వస్తారు, రద్దీకీ రేట్లకీ జడిసి మామూలుగా వచ్చేవాళ్లు మానుకుంటారు. 2012 ఆగస్టులో లండన్‌లో ఒలింపిక్స్ జరిగాయి. ఆ నెలలో బ్రిటన్‌కు వచ్చిన విదేశీయుల సంఖ్య అంతకుముందు ఏడాది ఆగస్టు కన్నా 5 శాతం దాకా తగ్గింది. వచ్చినవాళ్లు పెట్టిన ఖర్చు పెరిగింది గానీ, నగరం నడిబొడ్డున ఉన్న షాపులవాళ్లు, థియేటర్లవాళ్లు గిరాకీ లేదని మొత్తుకున్నారు. రైళ్లు కిక్కిరిసిపోతాయి, ప్రయాణాలు మానుకోండి అంటూ నెలల ముందు నుంచి చేసిన హెచ్చరికలు లండన్‌వాసులను కూడా ఇళ్లకే పరిమితం చేశాయి. 2008లో బీజింగ్‌లోనూ ఒలింపిక్స్ నెలలో విదేశీ సందర్శకులు తగ్గారు, అక్కడ వీసా నిబంధనల బిగింపు కూడా ఒక కారణం.

2002 శీతాకాల ఒలింపిక్స్ తర్వాత సాల్ట్ లేక్ సిటీ అమ్మకాలను ఆర్థికవేత్తలు పరిశీలించారు. హోటళ్లు, రెస్టారెంట్లు లాభపడ్డాయి, సాధారణ దుకాణాలు నష్టపోయాయి. "వ్యాపారులకు లాభం" అని ఎవరైనా అంటే ఏ వ్యాపారులకు అని అడగాల్సింది ఇందుకే.

ముందు చెప్పిన అంకెలకూ తర్వాత తేలిన అంకెలకూ అంత తేడా ఎందుకుంటుంది?

అంచనా వేయించేది సాధారణంగా పోటీ కావాలనుకునేవాళ్లే. కన్సల్టెంటుకు ఫీజు ఇచ్చేదీ వాళ్లే. వచ్చే డబ్బును పెద్దది చేసి, పెట్టాల్సిన ఖర్చును చిన్నది చేసి చూపించాలన్న ఒత్తిడి దానంతట అదే పుడుతుంది.

2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు నాలుగున్నర లక్షలకు పైగా విదేశీయులు వస్తారని దక్షిణాఫ్రికా మొదట్లో ఆశ పెట్టుకుంది. ప్రధానంగా ఆ పోటీల కోసమే వచ్చినవాళ్లు దాదాపు 3.1 లక్షలని తర్వాత అక్కడి పర్యాటక సంస్థే తేల్చింది. ఖర్చు వైపు చూస్తే ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2016లో బయటపెట్టిన లెక్క ఉంది. ఒలింపిక్స్ ఖర్చు ముందు అనుకున్నదాని కన్నా సగటున 156 శాతం ఎక్కువైందని వాళ్లు తేల్చారు. అనుకున్న బడ్జెట్‌లోపు ముగిసిన ఒలింపిక్స్ ఒక్కటీ వాళ్లకు కనబడలేదు. విక్టర్ మాథెసన్ అనే క్రీడా ఆర్థికవేత్త అయితే, నిర్వాహకులు చెప్పే అంకెలో చివరి సున్నా ఒకటి తీసేస్తే నిజానికి దగ్గరగా ఉంటుందని అంటుంటారు.

కొత్త స్టేడియం కడితే ప్రాంతం బాగుపడుతుందా?

ఒక్క పోటీ కోసం కడితే బాగుపడదు. మాంట్రియల్ 1976 ఒలింపిక్స్ అప్పు తీర్చడం 2006లో పూర్తయింది. అంటే ఆ ఆటల తర్వాత పుట్టిన పిల్లలు పెద్దవాళ్లై ఉద్యోగాల్లో చేరాక కూడా ఆ భారం నడిచింది. పొగాకు మీద వేసిన పన్నుతో అందులో పెద్ద భాగం తీర్చారు. బ్రెజిల్‌లోని మనౌస్‌లో 2014 ప్రపంచ కప్ కోసం 40,000 మందికి పైగా పట్టే స్టేడియం కట్టారు. అందులో ప్రపంచ కప్ మ్యాచ్‌లు జరిగింది నాలుగే. అంత స్టేడియాన్ని నింపగల పెద్ద క్లబ్బు ఆ నగరానికి లేదు. ఏథెన్స్‌లో 2004 ఒలింపిక్స్ వేదికలు చాలా ఏళ్లు గడ్డి మొలిచి పడున్నాయి. కట్టిన ఖర్చు ఒక ఎత్తయితే నిర్వహణ ఖర్చు ఇంకో ఎత్తు. ఆట జరిగినా జరగకపోయినా కరెంటు, కాపలా, పచ్చిక, రంగులు, లీకయ్యే పైకప్పు తప్పవు.

వేరే దారి పట్టినవాళ్లూ ఉన్నారు. 1984 ఒలింపిక్స్‌కు లాస్ ఏంజిలిస్ తప్ప చివరికి పోటీలో ఎవరూ మిగల్లేదు. అందువల్ల ఆ నగరం తన షరతులు నెగ్గించుకోగలిగింది. ఎక్కువగా అప్పటికే ఉన్న స్టేడియంలనూ విశ్వవిద్యాలయాల హాస్టళ్లనూ వాడుకుంది. చివరికి 22 కోట్ల డాలర్లకు పైగా మిగిలాయి, అందులో కొంత ఆ ప్రాంతపు పిల్లల ఆటల కోసం పెట్టిన నిధికి వెళ్లింది. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం ఖతార్ షిప్పింగ్ కంటైనర్లతో, పోటీల తర్వాత విప్పేయడానికి వీలుగా స్టేడియం 974ను కట్టింది.

మరి చిన్న పోటీల వల్ల ఏం వస్తుంది?

మా అభిప్రాయంలో ఎక్కువ ప్రాంతాలకు అసలు అవకాశం ఇక్కడే ఉంది. ఉన్న మైదానం, ఉన్న హోటళ్లు, ఉన్న రోడ్లతో జరిగేవి, ప్రతి ఏడాదీ తిరిగి వచ్చేవి, ఆడేవాళ్లు వాళ్ల కుటుంబాలతో వచ్చేవి కావాలి. పిల్లల టోర్నమెంట్లు, వెటరన్ల చాంపియన్‌షిప్‌లు, రోడ్ రన్నింగ్, సైక్లింగ్, చెస్, షటిల్ లాంటివి. వీటికి టీవీలో చోటు దొరకదు, మంత్రులు రిబ్బన్ కత్తిరించడానికి ఉత్సాహపడరు. కానీ వచ్చేవాళ్లలో బయటివాళ్లే ఎక్కువ, ప్రభుత్వం పెట్టాల్సిన ఖర్చు స్వల్పం.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో ఈ రెండు దారులూ చూడొచ్చు. 1991లో ప్రపంచ విద్యార్థి క్రీడల కోసం పెద్ద నిర్మాణాలు చేసి, దశాబ్దాల పాటు అప్పు మోసింది. అదే నగరంలో క్రూసిబుల్ అనే థియేటర్ ఉంది, వెయ్యి మంది కూడా పట్టరు. 1977 నుంచి ప్రపంచ స్నూకర్ చాంపియన్‌షిప్ ఏటా అక్కడే జరుగుతోంది, 17 రోజుల పాటు. నాటకాల కోసం కట్టిన హాలు అది, స్నూకర్ కోసం ప్రత్యేకంగా కట్టింది కాదు. ఏ తేదీల్లో రూములు నిండుతాయో అక్కడి హోటళ్లవాళ్లకు ఏడాది ముందే తెలుసు.

ఇలాంటివి ఒక పద్ధతిగా తెచ్చుకున్న నగరం ఇండియానాపోలిస్. నగరానికి పోటీలు తీసుకురావడమే పనిగా 1979లో అక్కడ ఒక సంస్థ పెట్టారు, అమెరికాలో అలాంటిది అదే మొదటిది. 1987లో పాన్ అమెరికన్ క్రీడలు జరిగాయి. 1999లో కాలేజీ క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ తన ప్రధాన కార్యాలయాన్ని అక్కడికి మార్చుకుంది. 2012లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది సూపర్ బౌల్‌ను కాదు, దానికి ముందు ముప్పై ఏళ్లకు పైగా ఒకే బృందం ఓపిగ్గా చేసిన పనిని.

స్టేడియమే లేని చోట స్పోర్ట్స్ టూరిజం సాధ్యమేనా?

బాగా సాధ్యం. పోర్చుగల్‌లోని నజారే ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ల ఊరు, వేసవిలో బీచ్‌కు జనం వచ్చేవాళ్లు, చలికాలం ఖాళీ. అక్కడ సముద్రం అడుగున ఉన్న లోతైన లోయ వల్ల శీతాకాలంలో భయంకరమైన అలలు లేస్తాయి. 2011 నవంబరులో గారెట్ మెక్‌నమారా అక్కడ 78 అడుగుల అలమీద సర్ఫింగ్ చేసి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆ తర్వాత అలలు చూడటానికే చలికాలంలో జనం రావడం మొదలైంది. వేసవిలో ఎలాగూ నిండే హోటల్‌కు ఇంకో వెయ్యి మందిని తెస్తే ఒరిగేది తక్కువ, ఖాళీ నెలల్లో వంద మందిని తెచ్చినా ఉద్యోగాలు నిలబడతాయి.

కెన్యాలోని ఇటెన్ సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తులో, ఆ మట్టిరోడ్ల మీద సాధన చేయడానికి ప్రపంచం నలుమూలల నుంచి రన్నర్లు వస్తారు. లోర్నా కిప్లగాట్ అనే రన్నర్ 1999లో అక్కడ శిక్షణ కేంద్రం మొదలుపెట్టారు. అలా సాధనకు వచ్చినవాళ్లు ఒక మ్యాచ్ చూసి వెళ్లిపోయేవాళ్లలా కాదు, వారాల తరబడి ఉంటారు.

ఉద్యోగాలు వస్తాయంటారు, నిజమేనా?

వస్తాయి, కానీ చాలావరకు కొద్ది రోజులవి. "5,000 ఉద్యోగాలు" అని రాస్తే అవి ఎన్ని నెలలవో, పూర్తికాలానివో కావో అడగండి. రెండు వారాల సెక్యూరిటీ డ్యూటీని కూడా ఒక ఉద్యోగంగా లెక్కపెట్టిన రిపోర్టులుంటాయి. ఏడాది పొడవునా చిన్నచిన్న పోటీలుంటే మాత్రం మైదానం సిబ్బంది, కోచ్‌లు, ఫిజియోథెరపిస్టుల్లాంటి వాళ్లకు నిలకడైన పని దొరుకుతుంది.

పోటీ రోజుల్లో రూములు సరిపోవు. కొత్త హోటళ్లు కట్టాలా?

తొందరపడొద్దు. 1994 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన నార్వేలోని లిల్లెహామర్ పాతిక వేల జనాభా కూడా లేని పట్టణం. అక్కడ ఆటల కోసం ఎగబడి పెంచిన హోటళ్లలో చాలా వాటికి తర్వాత గిరాకీ లేక దివాలా తీసే పరిస్థితి వచ్చింది. అమెరికాలోని ఆగస్టా ఇంకో దారి చూపించింది. ఏటా ఏప్రిల్‌లో జరిగే మాస్టర్స్ గోల్ఫ్ వారంలో అక్కడివాళ్లు తమ ఇళ్లను అద్దెకిచ్చి తాము సెలవులకు వెళ్తారు. ఏడాదిలో 14 రోజులు మించకుండా సొంత ఇల్లు అద్దెకిస్తే ఆ ఆదాయం మీద కేంద్ర ఆదాయపు పన్ను ఉండదని అక్కడి చట్టం. జనం దాన్ని ఆగస్టా నిబంధన అనే పిలుస్తారు. ఆ అద్దె నేరుగా స్థానిక కుటుంబాలకు చేరుతుంది.

టీవీలో మా ప్రాంతం కనిపిస్తే తర్వాత పర్యాటకులు వస్తారు కదా?

చూపించడానికి ముందే ఏదో ఒకటి ఉంటే, దాన్ని చేరుకోవడం సులువైతే వస్తారు. అందరూ చెప్పే ఉదాహరణ బార్సిలోనా. 1992 ఒలింపిక్స్ సందర్భంగా ఆ నగరం పాత పరిశ్రమల షెడ్లు తీసేసి సముద్రతీరాన్ని తెరిచింది, రింగు రోడ్లు వేసింది, విమానాశ్రయాన్ని పెంచింది. 1990 నుంచి 2000 మధ్య హోటళ్లలో దిగే పర్యాటకులు దాదాపు రెట్టింపయ్యారు. కానీ ఆ పనుల్లో చాలా భాగం నగరం ముందు నుంచీ అనుకుంటున్నవే, ఆటలు వాటికి గడువు తెచ్చిపెట్టాయి. ఆ విజయానికి రెండో ముఖం కూడా ఉంది. ఇప్పుడు అదే నగరంలో పర్యాటకుల వల్ల ఇళ్ల అద్దెలు పెరిగాయని స్థానికులు వీధుల్లోకి వస్తున్నారు.

పోటీల వల్ల స్థానికులు పడే ఇబ్బందికి లెక్క ఎలా?

డబ్బులో కొలవడం కష్టం, అయినా వదిలేయకూడదు. హవాయిలోని కోనాలో ఐరన్‌మ్యాన్ (ఈత, సైక్లింగ్, పరుగు కలిసిన రేసు) ప్రపంచ చాంపియన్‌షిప్ దశాబ్దాలుగా ఒకే రోజు జరిగేది. 2022లో అథ్లెట్ల సంఖ్య పెంచి రెండు రోజులు పెట్టారు. ఉన్న ఒక్క ప్రధాన రహదారి ఒకే వారంలో రెండుసార్లు మూసేసేసరికి, స్కూళ్లకు, పనులకు వెళ్లేవాళ్లు విసిగిపోయారు. మరుసటి ఏడాది పురుషుల రేసును ఫ్రాన్స్‌లోని నీస్‌కు మార్చాల్సి వచ్చింది. అంతకాలం ఆ రేసును సొంతం చేసుకుని, వేల మంది వలంటీర్లుగా నిలబడిన చోటే ఇలా జరిగింది.

నీళ్ల సంగతి కూడా ఉంది. 2016లో మహారాష్ట్రలో తీవ్ర కరువు ఉన్నప్పుడు పిచ్‌లకు నీళ్లు వాడటంపై కేసు వేస్తే, ఏప్రిల్ 30 తర్వాతి ఐపీఎల్ మ్యాచ్‌లను రాష్ట్రం బయటికి తరలించాలని బాంబే హైకోర్టు ఆదేశించింది. జనం తాగునీటికి ఇబ్బంది పడుతుంటే ఎంత ఆదాయం చూపించినా ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.

ఖర్చు ఎవరు భరించాలి?

లాభం పొందేవాళ్లు ఎక్కువ భరించాలి. సింగపూర్‌లో 2008 నుంచి జరుగుతున్న ఫార్ములా వన్ రాత్రి రేసు ఖర్చులో 60 శాతం ప్రభుత్వం పెట్టుకునేలా మొదట్లో ఒప్పందం జరిగింది. ఆ రోజుల్లో హోటళ్లకు వచ్చే రూము ఆదాయం మీద ప్రత్యేక సెస్సు వేసి అందులో కొంత రాబట్టారు. రేసుతో సంబంధం లేని చిన్న వ్యాపారి పన్ను నుంచే మొత్తం తీయడం కన్నా ఇది న్యాయం. పోలీసు బందోబస్తు, చెత్త ఎత్తడం, అంబులెన్సులు కూడా ఖర్చే. "మా సిబ్బందే కదా" అని చాలా చోట్ల వీటిని లెక్కలో రాయరు. ఆ రోజు వాళ్లు ఇంకో చోట చేయాల్సిన పని ఆగిపోయిందని మరచిపోవద్దు.

ఒప్పుకున్న తర్వాత వెనక్కి తగ్గవచ్చా?

తగ్గవచ్చు, ఎంత ముందుగా తగ్గితే అంత తక్కువ నష్టం. 1976 శీతాకాల ఒలింపిక్స్ దక్కించుకున్న డెన్వర్‌లో 1972లోనే ఓటర్లు ప్రభుత్వ డబ్బు వద్దని తేల్చారు, ఆటలు ఇన్స్‌బ్రుక్‌కు వెళ్లాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2026 కామన్వెల్త్ క్రీడలను చిన్న పట్టణాల్లో జరిపిస్తానని తీసుకుంది. ఆలోచన మంచిదే. కానీ 260 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు అనుకున్న ఖర్చు 600 కోట్లు దాటేలా ఉందంటూ 2023 జులైలో విరమించుకుంది. పరిహారంగా 38 కోట్ల డాలర్లు కట్టింది. ఆ క్రీడలను తీసుకున్న గ్లాస్గో ఉన్న వేదికలతోనే, పది క్రీడలకు కుదించి జరపడానికి ఒప్పుకుంది.

కన్సల్టెంట్లు లేకుండా మేమే లెక్క తీయగలమా?

తీయగలరు. గేటు దగ్గర నలుగురు వలంటీర్లు, ఒక చిన్న ప్రశ్నాపత్రం చాలు. ఎక్కడి నుంచి వచ్చారు? ఈ పోటీ లేకపోతే ఈ నెలలో ఇక్కడికి వచ్చేవారా? ఎంతమంది కలిసి వచ్చారు, ఎన్ని రాత్రులు ఉంటారు, ఎక్కడ దిగారు? నిన్న ఈ ఊళ్లో ఎంత ఖర్చు పెట్టారు? ఈ చివరి ప్రశ్నలో "నిన్న" అనే అడగండి. మొత్తం యాత్రకు ఎంతవుతుందని అడిగితే ఎవరైనా ఉజ్జాయింపుగా ఒక గుండ్రటి అంకె చెప్పేస్తారు, నిన్నటి ఖర్చు మాత్రం గుర్తుంటుంది. కనిపించిన వాళ్లనల్లా కాకుండా ప్రతి పదో మనిషినో ఇరవయ్యో మనిషినో ఆపాలి, లేకపోతే నవ్వుతూ మాట్లాడేవాళ్ల లెక్కే వస్తుంది. ఒకే గేటు దగ్గర నిలబడినా తప్పే, ఎందుకంటే వీఐపీ గేటులో వచ్చేవాళ్ల ఖర్చు వేరు, బస్టాండు వైపు గేటులో వచ్చేవాళ్ల ఖర్చు వేరు.

దీనితో పాటు హోటళ్ల నుంచి ఆ వారం నిండిన రూముల సంఖ్య తీసుకుని, అంతకుముందు మూడేళ్లలో అదే వారంతో పోల్చండి. రూము రేట్లు వద్దు, నిండిన రూములు కావాలి.

ఫలితాలు ఎప్పుడు బయటపెట్టాలి?

సర్వే లెక్కలు నెల రెండు నెలల్లో వచ్చేస్తాయి. పన్నుల వసూళ్లు, కరెంటు బిల్లులు, కాంట్రాక్టర్లకు చెల్లింపులు తేలేసరికి ఏడాది పడుతుంది. రెండుసార్లూ బయటపెట్టాలి, అదీ వచ్చే ఏడాది పోటీకి డబ్బు మంజూరు చేసే సమావేశం కన్నా ముందే.